వత్తు

మూడు లాంతర్ల దగ్గర, మెట్ల కింద గది మాది.
ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు,
శుభలేఖల శాంపిళ్ల మీద ఒక బల్లి.
ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తాయి.
తెలుగు మాటలే, ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని,
గుండీలు సగం ఊడి.

రమణో రామన్నో నేనే పోల్చుకోవాలి.
బొండపల్లి వాళ్ల పెళ్లి పందిరి
నా చేతిలో పండిరి అయిపోతే
రెండొందల కార్డులు మళ్లీ కొట్టాను,
నా డబ్బుల్తో.

జోగారావు మేష్టారు సాయంత్రాలు వచ్చి
ఊరికే ప్రూఫులు దిద్దిపెడతారు. టీ కూడా ముట్టరు.
"ళ ఏదమ్మా? ణ ఎవడెత్తుకుపోయాడు?
ఒక్కో అచ్చుకీ ఇంతని
కంపెనీ వాళ్లేమైనా వసూలు చేస్తున్నారా?"
ఆయన మనవడు పొద్దున్నే
జీ, ఎమ్ అని రెండక్షరాలు పడేస్తాడు.
ఈయన చిరంజీవికి ఆశీస్సులు అని మొదలెట్టి
పేరా రాస్తారు, కామాలతో సహా.
ఆ పేరాకి జవాబు, కె.

నేనూ నవ్వేదాన్నే.
మా ఆయనకి మాత్రం నేను పంపేదీ అదే.
కూర మాడుతుంటే ఒక కె,
కోపమొస్తే ఒక కె.
ఆయనకి తేడా తెలుసు.

మొన్న రాత్రి రెండూ పదికి
నెల్లిమర్ల నుంచి గౌరీసు. జూట్ మిల్లులో పని.
అమ ఎల్లిపోనాది కార్డు కావాల పదకొండోనాడు బోజనాలు
చుక్క లేదు, ఖాళీ లేదు,
రాజాం బస్సులో జనంలా
ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి మాటలు.
అమ్మలో ఒక ఎమ్ తక్కువ.

పొద్దున్నే టైపు చేశాను.
కీర్తిశేషులు రౌతు తవిటమ్మ గారు
స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తూ
అలా మొత్తం నా వేళ్లకి కంఠతా.

మేష్టారు చూశారు. ఒక్క తప్పూ లేదు.
అయినా కాగితం కింద పెట్టరే.
"వాడేం రాశాడో చూపించు" అన్నారు.
కళ్లజోడు నుదుటి మీదకి తోసి
ఫోను దూరంగా పట్టుకుని
పెదాలు కదుపుతూ చదివారు.
ఎల్లిపోనాది అన్న మాట
ఆయన నోట ఎప్పుడూ వినలేదు నేను.
చీపురుపల్లి పక్కన పల్లె ఆయనది,
అప్పుడు గుర్తొచ్చింది.

"మా అమ్మ కార్డు మీద
దివంగతులైరి అని రాశాను నేను" అన్నారు.
"ఆవిడకి ఆ మాట తెలీదు."

జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.
మూత తియ్యలేదు.

రెండు రకాలుగా చేసి పంపాను గౌరీసుకి.
రెండోదాంట్లో వాడి మాటే, ఉన్నదున్నట్టు.
మా అమ్మ ఎల్లిపోనాది.
మ కింద వత్తు మాత్రం నేనే పెట్టాను,
కొంగు కిందకి బిడ్డని సర్దినట్టు.
ఏది కొట్టమంటావు అని అడిగాను.

మధ్యాహ్నం జవాబొచ్చింది.
కె.

ఏ కార్డో చెప్పలేదు.
మేష్టారూ నేనూ
ఆ ఒక్క అక్షరాన్నే చూస్తూ కూర్చున్నాం.
ప్రింటరు వేడెక్కి ఉంది.