ఏడు రోడ్ల వారం

మా సిక్కోలులో ఏడు రోడ్లు ఒక్కచోట కలుస్తాయి.
మా ఇంట్లో రెండు నాలుకలు ఒక్క పూటా కలవవు.

అందుకని సోమవారం పొద్దున్నే
కూర్మారావు గోడమీది క్యాలెండరు దించి
వెనక్కి తిప్పి గళ్లు గీశాడు.
వంట నాకు మూడు రోజులు, తనకి రెండు,
మిగిలిన రెండూ హోటలుకి.
"ఇంక పేచీల్లేవు హైమా" అన్నాడు,
డిపోలో డ్యూటీ చార్టులు వేసే మనిషి,
బస్సులు టైముకి కదిలించినంత ధీమాగా.
బస్సుల సంగతి నేనెత్తలేదు.

మొదటి గడి నాదే. అరటికాయ, ఆవ పెట్టి.
ఘాటు ముక్కుకెక్కి తుమ్మాడు,
ఏడుసార్లు, లెక్కపెట్టాను,
రోడ్డుకొకటి చొప్పున.
కళ్లు తుడుచుకుంటూ "బాగుంది" అన్నాడు.
పెళ్లిచూపుల్లోనూ
అచ్చం ఇలాగే అన్నాడు.

మెట్లకింద అసిరమ్మగారు కాపేసి ఉంటుంది.
"ఏటమ్మా, ఈయాల ఏటి కూర?"
అద్దె నెలకోసారే.
ఈ కప్పం మాత్రం రోజూ కట్టాలి.

మంగళవారం తను చారు పెట్టాడు.
మిరియాలు దంచడానికి అరగంట,
ఆ చప్పుడుకి అసిరమ్మగారు పైకి రావడానికి అరనిమిషం.
చారు బాగానే కుదిరింది.
అన్నం వండడమే మర్చిపోయాడు.
గ్లాసుల్లో పోసుకుని
గోడకి చేరబడి తాగాం,
ఆసుపత్రి వరండాలో
పేరు పిలుస్తారని చూసేవాళ్లలా.

బుధవారం గడిలో 'హోటలు' అని రెండుసార్లు గీత గీసుంది.
వాన. అనుకున్న హోటలుకి షట్టరు.
టార్పాలిను కింద ఇడ్లీ బండి,
మిగిలింది ఒక్క ప్లేటు.
తనవైపు చట్నీ, నావైపు కారప్పొడి.
మధ్యలో టార్పాలిను చిల్లు,
దానికింద నాలుగో ఇడ్లీ
ఎవరూ ముట్టకుండా తడుస్తూ.
"నువ్వు తిను." "నువ్వే తిను."
చివరికి బండివాడే
"తినీయండి బాబూ, ప్లేటు కడగాల" అన్నాడు.

గురువారం నీచు ముట్టడు.
నాకంటే పాత నియమం అది.
కళింగపట్నం నించి వాళ్లమ్మ పంపిన మెత్తళ్లు
నేను చింతకాయల్లో వేసి సన్నసెగన పెట్టాను.
ఏడున్నరకి పేపరు చదువుతున్నాడు.
ఎనిమిదికి అదే పేజీ చదువుతున్నాడు.
"పులుసు మటుకు వెయ్యి, చేప ఒద్దు."
ఎనిమిదింపావుకి,
"పొద్దుగూకితే శుక్రవారం లెక్క కాదేటి?"

శుక్రవారం మాట్లాడుకోలేదు.
ఎందుకో గుర్తులేదు.
ఉప్మా.

శనివారం తన వంతు. గ్యాసు అయిపోయింది.
దిగులు ముఖం పెట్టడానికి చాలా కష్టపడ్డాడు.
"గిన్నె పట్టుకుని రా బాబూ, నా పొయ్యి నేదా?"
కింద నించి కేక.
రెండు గంటలు అసిరమ్మగారి వంటింట్లో
మా ఆయన ఆనపకాయ చెక్కు తీసి,
చెక్కు గిన్నెలో, కాయ చెత్తబుట్టలో వేసి,
తిట్లు తిని,
బెల్లం పులుసుతో పైకొచ్చాడు,
డిపో మేనేజరయినంత సంబరంగా.
ఆ ఒక్కరోజూ ఆవిడ ఏటి కూరని అడగలేదు.

ఆదివారం ఏసీ హోటలు.
మెనూ కార్డు మా పెళ్లి ఆల్బమంత బరువు.
జీడిపప్పు కూర చెప్పాడు.
చెంచాతో వెతికి వెతికి
"పలాస ఇక్కడికి గంటన్నరే.
దారిలో ఎక్కడ దిగిపోయుంటాయి?" అన్నాడు.
బిల్లు చూశాక జోకులు ఆగిపోయాయి.
నాగావళి వంతెన మీద స్కూటరు ఆపాం.
కింద నీళ్లు, పైన చల్లగాలి.
మా ఇద్దరి కడుపుల్లో ఒకటే శబ్దం.
వారం మొత్తమ్మీద మేమిద్దరం
ఏకాభిప్రాయానికి వచ్చింది అప్పుడే.

సిలిండరు ఇంకా రాలేదు.
మెట్ల దగ్గర కింది వాటాలో లైటు వెలుగుతోంది.
ఉలవచారు తిరగమోత వాసన.
నేను తనవంక, తను నావంక చూశాం.
గొంతు సవరించుకుని మా కూర్మారావు,
"ఏటండీ, ఈయాల ఏటి కూర?"

గొళ్లెం తీసిన చప్పుడు.
"కాళ్లు కడుక్కుని రండి."