నిదల్‌పుంజ్

సిరోంచ బళ్లో బోర్కుటే సారు
మరాఠీలో పువ్వును విప్పుతుంటే
నాకు వినబడింది: నిదర పుంజు.
కిసుక్కున నవ్వాను. బెంచీ ఎక్కించాడు.

దల్‌పుంజ్ అంటే రేకుల గుంపట.
నిదల్‌పుంజ్, విప్పారేదాకా మొగ్గకు కాపున్న గుంపు.
ఇంటికొచ్చి చెబితే బానవ్వ
వంకాయలు కోస్తూ
'ముచ్చికనే గదనే' అన్నది,
ముల్లు దిగిన వేలు నోట్లో పెట్టుకుని.

పరీక్షలో పువ్వు బొమ్మ గీయమన్నారు.
నాకు తెలిసిన పువ్వు ఇప్ప,
పుంజు కూయకముందే లేచి
ప్రాణహిత గట్టున గంపకెత్తేది.
గుండ్రంగా, బొద్దుగా గీశాను,
కింద ఏమీ లేకుండా.
రెండు మార్కులు కోసి
ఎర్రసిరాతో అడిగాడు సారు:
నిదల్‌పుంజ్ ఏది?

చెట్టు మీదే ఉంది సార్.
రాలేది రేకులే.

నమ్మలేదు.
మర్నాడు చీకట్లోనే టార్చి పట్టుకొచ్చాడు,
లుంగీ మీద స్వెట్టరు,
కాలికింద పువ్వులు చితక్కుండా
వంకరటింకరగా నడుస్తూ.
పైకి వెలుగు కొడితే
కొమ్మకొసన తుప్పురంగు ముచ్చికలు,
ఒక్కోదాంట్లోంచి వేలాడుతూ ఒక్కో దారం.

మెడ నొప్పెట్టేదాకా చూసి
'మీ భాషలో దీన్నేమంటారు' అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా
ఊళ్లో పుంజు నిద్ర లేచింది.