దూదికి తగిలింది

సూదికీ నంబరుండాది, గాలానికీ ఉండాది.
సూది నంబరు పెరిగితే లావు,
గాలం నంబరు పెరిగితే సన్నం.
పెండ్లయిన కొత్తల్లో ఈ సంగతికే
మా ఆయనకూ నాకూ రెండ్రోజులు మాటల్లేవు.
పక్కెలకు చిన్నవి తేవే అంటే
ఊత్తుకోట నాడారంగట్లో రెండో నంబరు కొనుక్కొస్తి.
"దీంతో మొసలిని పట్టాల్నా?" అన్న్యాడు.

నేను జాకెట్లు కుట్టేదాన్ని.
పిచ్చాటూరు బస్టాండు ఎనకాల మిషను నాది,
మిషను ఎనక గోడకు గడ ఆయనది.

ఆదివారం పొద్దుగూకినాక
ఆరణియారు డ్యాము బురదంతా సైకిలుకు పూసుకోని వస్తాడు,
చేపలు చాటలో కుమ్మరించి
నీళ్ళు కాగినాయా అంటాడు.
నేను చేపల్ని చూడను. గడ దగ్గరికి పోతా.

మంచినీళ్ళతో కడిగి, పాత లుంగీగుడ్డతో తుడిచి,
గాలాన్ని బొటనేలి గోటిమీద ఆనించి లాగతా.
జారిందా, మొద్దుబారినట్టు.
గీత పడిందా, ఇంకో వారం పనికొస్తుంది.
మిషను నూనె ఒక్క చుక్క.
రెండో చుక్క పడిందంటే
ఆ వాసనకు జిలేబి గూడా మొగం తిప్పుకుంటుంది.
గాలాలు కుంకుమ భరిణెలో, అడుగున గుప్పెడు బియ్యం, చెమ్మ తాగేదానికి.
సీసం గుండ్లు మాత్రల డబ్బీలో.
జీలుగ బెండుకు పైసగం నా గోళ్ళరంగు ఎరుపు,
ఎండలో ఆయన కంటికి ఆనాల గదా.

ముడి వేసేది నేనే.
ఐదు చుట్లు తిప్పి, కొస లోపలికి దూర్చి,
బిగించే ముందర ఎంగిలి తడి చెయ్యాల.
పొడిగా లాగితే తంగూసు తనను తానే కాల్చుకుంటుంది.
దారం సంగతి నాకొకరు చెప్పాల్నా?

రెండేండ్లుగా మాత్రం ఒకటే మాట,
"పెద్దది పడింది, నీ ముడి నిలవలా."
వానలప్పుడు ఒక కొరమీను.
మాఘంలో ఒక బొచ్చె, మూడు కిలోలంట.
అన్నం పెడతా ఉంటే చెప్తాడు, తల ఎత్తకుండా.
నేను పులుసు పోస్తా.

ఈ ఎండాకాలం తిరపతి ఆస్పత్రిలో
కుడికంటి పొర తీసినారు.
నెలరోజులు నీళ్ళకాడికి పోగూడదన్న్యారు.
నల్లద్దాలు పెట్టుకోని అరుగుమీద కూచుంటే
సైకిలు గంట మోగిన ప్రతిసారీ తల తిప్పతాడు.

ఒక ఆదివారం మిషనుకు గుడ్డ కప్పి
గడ తీసుకోని నేనే పొయినా.
పక్కింటి దొరవేలు ఎర్రలు తవ్వి ఇచ్చినాడు,
"అక్కా, నీకొస్తుందా?" అని నవ్వినాడు గూడా.

బెండు మునిగింది. లాగితి.
అటుపక్క ఎవరో చీరకొంగు పట్టుకోని గుంజినట్టు
గడ వొంగింది, నా మోచెయ్యి వొంగింది,
అంతే. తేలికైపాయె.
ఇంకో గాలం కట్టి వేస్తే
మళ్ళీ అట్నే.

ఇంటికొచ్చి తెగిన కొస ఆయన చేతిలో పెడితి.
"నా ముడే," అంటి, ఏడుపొచ్చింది.
ఆయన ఏళ్ళతో తడిమి చూసినాడు.
"గాలం దగ్గర తెగలేదే ఇది,
బార పైన తెగింది."

జాకెట్టు భుజాల్లో పెట్టే దూది తెచ్చి
గడకున్న ఐదు కండ్లల్లోనూ ఒకటొకటిగా దూర్చి లాగితి.
మొదటిది నున్నంగా.
రెండోదీ అంతే.
మూడో దాంట్లో దూది చిక్కుకోని
తెల్లటి పోగు ఒకటి మిగిలింది.
లోపలి పింగాణీ చిట్లిందంట, ఎంట్రుకంత.

ఆయన ఏమీ అనలా.
నేనూ అనలా. రెండేండ్ల పులుసు గురించి
ఆ పూట ఏమనాల్నో తెలీలా.

మర్నాడు దొరవేలు ఊత్తుకోట నుంచి కొత్త కన్ను తెచ్చినాడు.
దాని కాళ్ళు గడకు ఆనించి
ఎర్రదారం నలభై చుట్లు, చుట్టుకు చుట్టు ఆనుకోని,
పైన గోళ్ళరంగు రెండు పూతలు.
ఆరేదాకా తాకొద్దన్నా.
నల్లద్దాలు నొసటికెత్తి
తాకనే తాకినాడు.

ఆ ఏలిగుర్తు ఇంకా ఉండాది,
ఎర్రరంగులో ఎండి.