ఈల కేకయ్యే లోపల

ఉరుపేమాలో జూన్ నెల.
బూటు కింద గడ్డిమంచు
అప్పడంలా విరుగుతోంది.
దొర్వలీనో బండి కింద పడుకున్నాడు,
వీపు కింద ఆపిల్ అట్టపెట్టె పరుచుకుని.
టార్చి నా చేతిలో.
ఆపిల్ కొమ్మలు కత్తిరించడానికొచ్చి
వానకి ఈ షెడ్డులో దూరినవాణ్ణి,
మూడేళ్ళైంది, ఇంకా బయటికెళ్ళలేదు.
"పైకి కాదు, కుడికి" అంటాడు.
పొద్దుట్నించీ అంతే మాట.

యాభై ఏడులో ఓడ దిగిన ఫుస్కా ఇది.
రేడియేటర్ లేదు, నీళ్ళ ఊసు లేదు,
గాలి తాగి బతికే ఇంజను.
ఆవుల డాక్టరు జసీరా గారిది.
తెల్లారగట్ల అయిదింటికి
ఈనలేక కొట్టుకునే ఆవు కోసం బయల్దేరితే
మూడో కొండ దాటేదాకా దగ్గుతూనే ఉంటుందట.
కాళ్ళకి వెచ్చగాలి అందదట.
"ఆ థర్మోస్టాట్ పీకి పారెయ్యండి, అందరూ పీకేశారు"
అన్నాడట సముద్రం పక్క మెకానిక్కు.
వాడికేం, ఎండలో కూర్చుని ఎన్నైనా చెబుతాడు.

రెండు సిలిండర్ల మధ్య, ఇంజను పొట్ట కింద,
పదమూడు నంబరు స్పానర్ పట్టనంత తుప్పు.
కిరోసిన్ పోశాడు. సుత్తితో రెండు తట్టాడు.
తర్వాత ఒక తిట్టు.
తిట్టు మాత్రం తాతల ఇటలీ యాసలో,
మిగతా బతుకంతా పోర్చుగీసులో.
నట్టు కదిలింది.
కడ్డీ మర విప్పి నా అరచేతిలో పెట్టాడు:
ఇత్తడి తిత్తి.
హార్మోనియం మడతలు, అన్నీ సాగిపోయి.
మంచు మీద పెట్టినా ముడుచుకోవడం మరిచిపోయింది.

"లోపలి చుక్క ఎప్పుడో కారిపోయింది.
చూశావా, తెరుచుకుని చచ్చింది.
చేసినవాడు అలా చేశాడు.
మూసుకుని చస్తే ఇంజను కాలిపోయేది.
తెరుచుకుంటే చలి, అంతే.
చలితో బతకొచ్చు."
ఆ వారం మొత్తానికీ
అతను నాతో మాట్లాడిన పెద్ద మాట అదే.

కొత్తది పాత పేపరు చుట్టలో
పొట్టిగా, గొంగళిపురుగులా ముడుచుకుని ఉంది.
బిగించేముందు చూసుకోవాలి.
థర్మామీటర్ ఉందా అన్నాను.
జవాబివ్వకుండా వంటింట్లోకి నడిచాడు.

కట్టెల పొయ్యి మీద కెటిల్, షిమరావ్ నీళ్ళు.
ఆ నీళ్ళు మరగకూడదని
ఇక్కడ పాలపళ్ళు ఊడని పిల్లలకీ తెలుసు.
మరిగితే ఆకు మాడుతుంది, చేదు గొంతు పడుతుంది.
కెటిల్ సన్నగా ఈల మొదలెట్టాలి,
ఈల కేకయ్యే లోపల దించాలి.
ఆ కాస్త సందే డెబ్బై డిగ్రీలు.
ఇత్తడిని కొలిచినవాడూ ఆకుని కొలిచినవాడూ
ఒకరినొకరు ఎరగరు,
చెయ్యి మాత్రం ఒక్కచోటే పెట్టారు.

గిన్నెలో తిత్తి. నీళ్ళు వంచాడు.
ఏమీ లేదు.
ఏమీ లేదు.
తర్వాత ఒక మడత వదులై
పక్క మడతకి చెప్పింది.
ఎండలో పిల్లి ఒళ్ళు విరిచినట్టు
వేలి కణుపంత పొడుగైంది.

మిగిలిన నీళ్ళు సొరబుర్రలో పోశాడు.
మొదటి చేదు పోసినవాడిదే, ఇక్కడి మర్యాద.
రెండో బుర్ర నాది.
మూడో బుర్ర దగ్గర, నేనేమీ అడక్కుండానే,
"మా అన్న బెనిల్దోతో మాటల్లేవు, పదకొండేళ్ళు" అన్నాడు.
"కంచె గురించి."
ఒక గుటక.
"ఆ కంచె కూడా లేదిప్పుడు."
టార్చి ఇంతసేపూ పట్టపగలు వెలుగుతోందని
అప్పుడు చూసి ఆర్పాను.

వేడెక్కితే రేకు తలుపులు పూర్తిగా తెరుచుకునేలా
బ్రాకెట్ జరిపి, కొలిచి, మళ్ళీ జరిపి బిగించాడు.
సాయంత్రం జసీరా వచ్చి తాళం తిప్పింది.
రెండు దగ్గులు. తర్వాత దగ్గు లేదు.
చెప్పులు విప్పి, మేజోళ్ళ కాళ్ళు
గాలి గొట్టం ముందు పెట్టుకుని
కళ్ళు మూసుకుంది.

దొర్వలీనో కిటికీ దగ్గర నిలబడ్డాడు,
చల్లకొచ్చి ముంత దాచినవాడిలా
తుడిచిన అద్దమే తుడుస్తూ.
డబ్బు తీసుకున్నాడు. చిల్లర ఇచ్చాడు.
మళ్ళీ తుడిచాడు.
"మా అన్న ఎర్రావు... ఈనిందా?"

"రాత్రి," అంది జసీరా కళ్ళు తెరవకుండానే,
"పెయ్యదూడ. కాళ్ళు తెల్లగా ఉన్నాయి."

బండి కింద ఎక్కడో
కడ్డీ పైకి జరిగిన చిన్న చప్పుడు.