రెండు రెండ్ల లెక్క

కాటేదాన్‌ల కరెంటు పోయి
లేత్ మిషను చప్పుడాగి
పక్క షెడ్డు బిస్కెట్ల వాసన లోపటికొచ్చే యాళ్లకు
కొమురెల్లి పికప్పు గేటు కాడ దగ్గింది.
ఒకటే నల్లపొగ.

తాండూరు బండలు మోసే బండి అది.
కాయితం మీద ఒక బరువు, వీపు మీద ఇంకో బరువు.
అనంతగిరి గుట్ట కాడ
రెండో గేరుకు పడి, మొదటిదానికి దిగి,
ఎనుక బస్సోళ్ల తిట్లన్నీ అద్దంల చూసుకుంట
ఎక్కుతదట.

"రెండు టర్బోలు పెట్టు ఉస్తాద్" అన్నడు దిగుడుతోనే.
"జోడెడ్ల లెక్క, పక్కపక్కన, మెరిసేటియి."
ఫోన్‌ల బొమ్మ చూపిచ్చిండు.
ముక్రమ్ ఉస్తాద్ ఫోను దిక్కు చూడలే.
చెవి మీది సుద్దముక్క తీసి
నూనె తాగిన గచ్చు మీద గొంతుకూసున్నడు.

"గిది జోడు కట్టుడు."
రెండు నత్తలు గీసిండు, ఒకటే సైజు.
"నాలుగు సిలిండర్ల పొగ.
రెండింటిది దీనికి, రెండింటిది దానికి.
ఇద్దరన్నదమ్ములు చెరొక బిందె మోసినట్టు,
నీళ్లు ఎక్కువొస్తయి గని
బిందె ఎత్తు పెరుగది.
గాలి కలుస్తది, ఒత్తిడి కలువది.
పెద్దింజనుకైతే సరే.
నీ నాలుగు కుండల పొయ్యి మీద
సగం సగం పొగ తాగి
రెండూ నిద్ర లేవయి."

జరంత జరిగి ఇంకో బొమ్మ.
పెద్ద నత్త. దాని మూతికి చిన్న నత్త.
"గిది ఒకదాని నోట్ల ఒకటి.
పొగ ముందుగాల చిన్నదాన్ని తిప్పుతది,
అది తాగంగ మిగిలింది పెద్దదాన్ని.
గాలి ఉల్టా నడుస్తది.
పెద్దది ఊది ఇస్తే
చిన్నది ఇంకింత ఒత్తి లోపటికి తోస్తది.
రెండంతలకు మళ్ల రెండంతలు. ఎంతాయె?"

"నాలుగు."

"మరి జోడుల?"

కొమురెల్లి వేళ్లు మడిచిండు.
"రెండు, రెండు... గదీ నాలుగే గద ఉస్తాద్!"

నవ్వాగక నేను
చేతిల ఉన్న రోటరు బల్ల మీద పెట్టిన.
పదకొండేండ్లయె, ఈ రెక్కలకు తూకం పట్టబట్టి.
నిమిషానికి లక్ష చుట్లు తిరిగేదానికి
ఎంటిక మందం తేడా చాలు, విరిగిపోతది.
ముత్యాలకు తొర్రలేసిన చేతులని
ఉస్తాద్ నన్ను పనికి పెట్టుకున్నడు.

"అయితే మూడు పట్టు" అన్నడు ఉస్తాద్, చిరాకుగ.
"మూడుకు మూడంతలైతే తొమ్మిది.
జోడుల ఆరు గాదు, మూడంటే మూడే.
పక్కపక్కన నిలబడ్డోళ్ల ఎత్తు పెరుగది బిడ్డా,
ఒకని భుజాల మీద ఒకడు ఎక్కాలె.
గని తొమ్మిదొస్తే
నీ హెడ్ గాస్కెట్ అప్పడం లెక్క పగుల్తది.
గది మార్చాలె, బోల్టులు మార్చాలె, ఆనక క్లచ్చు..."

కొమురెల్లి మాట్లాడలే.
కొనబోయే బర్రె చుట్టు తిరిగినట్టు
బొమ్మ చుట్టు తిరిగిండు.
ఎంతైతదని అడిగిండు. ఉస్తాద్ చెప్పిండు.
బండి కిస్తీలే ఇంకా పద్నాలుగున్నయట.

కరెంటొచ్చింది.
నేను పోయి బానెట్టు లేపిన.
రేసు చెయ్యుమని
ఇంటర్‌కూలర్ పైపు కింద అరచెయ్యి పెట్టిన.
వెచ్చగ ఊపిరి తగిలింది.
రబ్బరు మడత లోపట వేలెడు చీలిక.
ఉన్న ఒక్క టర్బో
ఇన్నొద్దులు రోడ్డుకు ఊదుతున్నది.

రాణీగంజ్ నుంచి పైపు తెప్పిచ్చి
రెండు క్లిప్పులు బిగిచ్చిన.
మజూరి రెండొందలంటే
ఇరవై తక్కువిచ్చిండు.

గచ్చు మీది నత్తలను ఎవ్వలు తుడువలే.
డీజిలు చుక్క పడి చిన్నదాని నడుము చెదిరింది.
వాన జల్లుకు జోడు నత్తలల్ల ఒకటి పోయింది.

పదొద్దులకు మళ్లొచ్చిండు. పొగ లేదు.
మూడో గేరుల ఎక్కిందట,
బస్సోడే ఎనుకవడ్డడట.
సాసర్ల చాయ్ ఊదుకుంట బొమ్మ కాడ గొంతుకూసోని,
పెద్దదానికీ చిన్నదానికీ నడుమ
అరిగిపోయిన గీత మీద వేలు పెట్టి
"ఉస్తాద్, ఉత్తగనే అడుగుతున్న..." అన్నడు.

ఉస్తాద్ చెయ్యి
అప్పటికే చెవి మీదికి పోయింది.