తిత్తి

"నాగూరూ, దానికి ఊపిరాడట్లేదయ్యా"
అని పాస్టరుగారు ఫోన్ చేస్తే
స్క్రూడ్రైవరు, గుడ్డపేలిక, బంకడబ్బా పట్టుకుని
పాత గుంటూరు గుడికెళ్ళాను.

వెనక చెక్క విప్పితే
నూట నలభై ఏళ్ళ దుమ్ము,
అందులో సగం మిరపకోరు.
తుమ్మి తుమ్మి, కళ్ళు తుడుచుకుని చూస్తే
వరసగా ఇత్తడి నాలుకలు,
వాటిమీద లండన్ ముద్ర.
తిత్తి మాత్రం లండన్‌ది కాదు.
తంగేడు చెక్కలో నానిన తోలు,
మోటబానకి వేసే కుట్టు.
ఏ దొరా వెయ్యలేడు ఆ కుట్టు.

పాత రిజిస్టరులో ఒక్క ముక్క దొరికింది:
"తిత్తి నొక్కు కుర్రవాడు నతానియేలు, నెలకు ముప్పావలా."
మిగతాది గుడి ఊడ్చే రాహేలమ్మ చెప్పింది,
ఆమెకి వాళ్ళ నాయనమ్మ.

ధాత కరువులో గంజికొచ్చిన పిల్లాడట.
దొరసాని వాయిస్తుంటే పక్కన పిడి నొక్కేవాడు.
గాలి వాడిది, పాట ఆవిడది.
చలిజ్వరమొచ్చి ఆవిడ బందరు పడవెక్కింది.
ఆ ఆదివారం గుడి మూగబోతుందనుకుంటే
వాడు స్టూలెక్కి కూచున్నాడు.
ఊరబావి మెట్లు తొక్కనివ్వని ఊళ్ళో
ఈ మెట్లమీద పది వేళ్ళూ పరిచాడు.

ఎలకలు తిత్తి కొరికితే
లండన్‌కి ఉత్తరం పోయి రావాలంటే ఆరునెలలు.
వాళ్ళ నాన్న పెంటయ్య, బాప్తిస్మం వద్దన్న మనిషి,
దూడతోలు తెచ్చాడు.
సగంతో డప్పు మూశాడు, సగం దీనికి.
"గుళ్ళోకి రాను గానీ
గాలి పోకుండా కుడతా."

నతానియేలు కట్టిన వరస పాటలపుస్తకంలో ఉంది.
వరసలకి ఊళ్ళ పేర్లు పెట్టడం దొరల అలవాటు,
దీనికి 'గుంటూరు' అని అచ్చేశారు.
కట్టినవాడి పేరుండాల్సిన చోట ఒక చుక్క.
రాహేలమ్మ ఆ చుక్కమీద వేలు పెట్టి
కాసేపు తియ్యలేదు.

వాళ్ళమ్మ మిరపకోతల్లో తీసే రాగమట అది.
రెండు మెట్ల మధ్య జారే స్వరం
కాగితంమీద నిలవలేదు, దొర దిద్దేశాడు.
ఇతను మాత్రం వాయిస్తూ వాయిస్తూ
అక్కడికొచ్చేసరికి
తొక్కుతున్న కాలు సగం వదిలేవాడట.
గాలి తగ్గి స్వరం కుంగేది,
ఎండలో వంగిన మనిషి గొంతులా.

కొత్త రెక్సిన్ కత్తిరించుకునే వెళ్ళాను.
వెయ్యబుద్ధి కాలేదు.
కుట్టు విప్పకుండా, చిరుగుమీదే చిన్న అతుకేసి
రాహేలమ్మని పెడల్ తొక్కమన్నాను.
చెప్పులు విప్పబోయింది.
"వద్దులేమ్మా, అట్టాగే తొక్కు."

అది ముందు ఎర్రగా దగ్గింది.
ఇద్దరం తుమ్మాం.