కౌంటు

ఆకివీడు రోడ్డు దిగి ఉప్పుటేరు గట్టెక్కితే
మూడో చెరువు పక్కన రేకుల షెడ్డు.
పంతొమ్మిదేళ్ళుగా అక్కడ నా పని
విసురువల వేసి, కిలోకి ఎన్ని రొయ్యలో లెక్కపెట్టడం.
ముప్పై తూగితే ముప్పై కౌంటు, నూరు తూగితే నూరు.
తక్కువ తూగినదానికే ఎక్కువ ధర.
ఇంతకు మించిన అర్థశాస్త్రం నాకు రాదు.

రాత్రి కాపలా కుర్రాడు నూకరాజు
ఫోన్లోంచి తలెత్తి అన్నాడు:
"బాబాయ్, ఈ కంపెనీ విలువ లక్షల కోట్లంట."
చెరువులెన్నిరా?
"లేవు."
ఐసు ఫ్యాక్టరీ?
"లేదు."
పోనీ లారీలు?
"అద్దెవి కూడా లేవు బాబాయ్."
మరి కాటా మీద ఏం పెట్టార్రా!

నాకు తాతరాజుగారు గుర్తొచ్చారు.
ఆ మంచి ఏడాది, నలభై రోజుల పిల్లని చూసి
తొంభయ్యో రోజు ధరకి అడ్వాన్సు ఇచ్చేసిన మనిషి.
గేదెను నీళ్ళలో ఉంచి బేరమాడకూడదంటారు,
ఆయన ఒట్టి నీళ్ళు చూసి బేరమాడారు.
లేచిన ప్రతి బుడగా ఆయన కంటికి రొయ్యే.
ఆ ఊపులో వరిచేలు కూడా ఉప్పునీళ్ళు తాగాయి,
బోదెలకి కూడా లీజు పలికింది.
ఒక తెల్లవారుజామున
ఈశాన్యం మూల కాకులు వాలాయి.
తెల్లమచ్చ.
సాయంత్రం కోటి రూపాయల చెరువు
పొద్దుటికి బ్లీచింగు బస్తాల ఖర్చు.
ఆ ధర అబద్ధమా అంటే ఏం చెప్పను?
అర్ధరాత్రి దాకా నిజమే.
రేపు కూడా మేతకొస్తాయి అన్న నమ్మకానికి
ఎవరో రూపాయల్లో పేరు పెట్టారు, అంతే.

మా బస్తా మీద ఫీడ్ అని ఉంటుంది.
వీడు బొటనవేలితో తోసేదాన్నీ ఫీడ్ అనే అంటాడు.
మాది బస్తా కొనాలంటే అప్పు చెయ్యాలి,
వాళ్ళది ఉచితమంట.
ఉచితంగా మేపే చెరువు నేను చూళ్ళేదు.
రొయ్యనడిగితే మాత్రం
మాదీ ఉచితమనే చెబుతుంది.
ఒక్కచోటే లెక్క తిరగబడింది:
ఇక్కడ కౌంటు పెరిగితే ధర పడుద్ది,
అక్కడ తలలు పెరిగేకొద్దీ లేస్తుంది.
నూకరాజు తల ఒక్కటే తీసి కాటా మీద పెడితే
ముల్లు కదలదు.

అలాగని ఒంటికాలి మీద మాట్లాడకూడదు.
తుపాను రాత్రి కరెంటు పోయి
జనరేటరులో డీజిలు అడుగంటి
ఏరేటర్లు ఒక్కొక్కటే ఆగిపోతుంటే
ఇదే కుర్రాడు ఇదే ఫోన్లో నాలుగు ముక్కలు రాశాడు.
మోగల్లు నుంచో ఎక్కణ్ణించో
మొహం తెలీని మనిషి
బండికి రెండు క్యాన్లు కట్టుకుని
మోకాటిలోతు నీళ్ళలో వచ్చాడు.
డబ్బులు లెక్కపెట్టుకోలేదు, టీ కూడా తాగలేదు.
షెడ్డులో రోజంతా రొయ్యల తలలు తీసే వీరవేణి
ఇప్పుడు పచ్చడి కలుపుతూ వీడియోలు పెట్టి
సీసాలు ఎక్కడెక్కడికో పంపుతోంది,
వేళ్ళ సందుల్లో పుళ్ళు మానాయి.
ఇవి ఆ లక్షల కోట్లలో ఉన్నాయా?
ఉంటే ఏ గడిలో?
డీజిలు తెచ్చినాయనకి అందులో ఎంత రాశారు?
"ఎవరూ అడగలేదు బాబాయ్," అన్నాడు వీడు
మళ్ళీ ఫోన్లోకి దిగిపోతూ.

మూడింటికి చెక్ ట్రే ఎత్తాను.
మేత మిగల్లేదు.
మిగలకపోతే పొద్దున్న ఇంకాస్త పెంచాలి, అదీ పద్ధతి.
ఒక రొయ్యని పట్టి టార్చికి అడ్డం పెట్టాను,
వీపు వెంట నల్లగీత, పేగు నిండా ఉంది.
షెడ్డులోకి వచ్చేసరికి నూకరాజు నిద్రపోయాడు.
గుండెల మీద ఫోను,
దానంతటదే తిరుగుతున్న ఏదో డ్యాన్సు,
చర్మం కిందిదంతా కనపడేలా
మొహమ్మీద నీలం వెలుతురు.
బొటనవేలు ఇంకా ఒకటీ అరా కదులుతోంది.

ఫోను తీసి బోర్లా పెట్టాను.
బయట ఏరేటర్లు నీళ్ళని బాదుతున్నాయి.
అప్పుడే నా జేబులో ఏదో గుర్రుమంది.
చూడకూడదనే అనుకున్నాను.
చేతులు తడిగా ఉన్నాయని
లుంగీకి తుడుచుకుని మరీ చూశాను.